మా అవ్వ పంచిపెట్టిన పేరు

పోయిన శుక్రవారం మా మనవడు వేలూరు నుంచి గుడియాత్తం వచ్చి, తనకు పుట్టిన ఆడబిడ్డకు నా పేరే పెడుతున్నామని, రిజిస్టరులో ఇంగ్లీషున ఎలా రాయించాలో చెప్పమని అడిగాడు. వాడికి తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. నాకా, మా నాయన ఇంట్లో కూర్చోబెట్టి బియ్యంలో దిద్దించిన తెలుగు తప్ప మరొకటి రాదు. సౌగంధి అని కాగితం మీద రాసి చూపించాను. అరవంలో కకూ గకూ ఒకటే అక్షరమని, ఇంగ్లీషులో రాస్తే నలుగురు నాలుగు విధాలుగా చదువుతారని వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అది మొదట మా మేనత్త పేరు. లక్ష్ములూ మునెమ్మలూ నిండిన మా నేతగాళ్ళ వీధిలో అటువంటి పేరు ఎవరూ విని ఎరుగరు. ఎవరో హరికథ చెప్పినాయన నోట విని మా అవ్వ ముచ్చటపడి కూతురికి పెట్టుకున్నది. ఆ పిల్ల తొమ్మిదో ఏట అమ్మవారు పోసి పోయింది. మా ఇళ్ళలో అట్లా పోయిన ఆడపిల్ల ఇంటి దేవత అవుతుంది. ఆమె పావడాను వెదురు బుట్టలో పెట్టి, ఏటా ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, మా మగ్గం మీద నేసిన కొత్త గుడ్డ సమర్పించేవాళ్ళం. తర్వాత పుట్టిన ఆడపిల్లను గనుక పేరు నాకు వచ్చింది. దేవత పేరు పెట్టి తిట్టకూడదు కదా, అందుకని మా అమ్మ నన్ను పాపా అనే పిలిచేది. నేను అల్లరి చేస్తే ముందు బుట్టవైపు తిరిగి, “తల్లీ, నిన్ను కాదు, దీన్ని” అని దండం పెట్టుకొని, ఆ తర్వాతే నా వీపు మీద ఒకటి వేసేది.

పూర్తి పేరుతో పిలిచేది అవ్వ ఒక్కతే. అన్నానికి రమ్మని పిలిచేటప్పుడు ఆమె చూపు నా మీద కాక, నా భుజం దాటి కొంచెం వెనక్కు పోయేది. నేను ఎన్నిసార్లు వెనుదిరిగి చూసుకున్నానో ఆ దేవుడికే తెలుసు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు టీకాలు వేసే మనిషి మా వీధికి వచ్చాడు. టీకా వేయించుకుంటే అమ్మవారికి కోపం వస్తుందని పెద్దల భయం. అవ్వ నన్ను మగ్గం గుంటలోకి దించింది. మా నాయన ఏమీ ఎరగనట్టు కూర్చొని నేస్తూనే ఉన్నాడు, ఆయన పాదాలు నా తలపక్కనే తొక్కుడు కర్రల మీద ఆడుతున్నాయి. ప్రతి ఇంట్లోనూ అదే పని. నెల తిరక్కుండానే వీధిలో గుమ్మాలకు వేపమండలు లేచాయి, మగ్గాలు ఆగిపోయాయి, నాకు ఒళ్ళంతా పోసింది.

వచ్చింది అమ్మవారు కాదు, పేరు వెనక్కు తీసుకుపోవడానికి తన కూతురే వచ్చిందని అవ్వకు తోచింది. అంతే, ఆడపిల్లలున్న ఇంటింటికీ పోయి గడప బయట నిలబడింది.

“ఈ పేరు నీ బిడ్డకీ పెట్టుకోమ్మా. ఒక్కతే ఉంటే పట్టుకొని పోతాది. పదిమంది ఉంటే యాడని ఎతుకుతాది? అలిసి ఎనక్కి పోతాది.”

“ఏమత్తా, నీ కూతురు మేనకోడల్ని గుర్తుపట్టదా?” అని ఒకామె ఎగతాళి చేసి తలుపు వేసుకుంది. అయినా ఆరిళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. అందరికన్నా ముందు ఒప్పుకున్నది మా పక్కింటి అత్త. ఆమె ఒళ్ళో నెల నిండని బిడ్డ, ఇంకా పేరు పెట్టలేదు. ఆ పూటే ఉయ్యాలలో వేసి సౌగంధీ అని మూడుసార్లు పిలిచిందట.

నాకు దిగిపోయింది. తలకు నీళ్ళు పోసిన వారంలోనే పక్కింటి ఉయ్యాల ఖాళీ అయింది.

అవ్వ వెళ్ళి ఆ గడప మీద పడి ఏడ్చింది. పక్కింటి అత్త ఆమెను లేవనెత్తి అన్న మాటలు నేను మా అరుగు మీద నుంచి విన్నాను.

“తెలిసే పెట్టినా అత్తా. నువ్వు అడిగినప్పుడే తెలుసు. నీ మనవరాలు లేచి తిరగతా ఉండాది కదా, పోయి దానికి ఇంత గంజి పొయ్యి.”

ఆనాటి నుంచి అవ్వ నన్ను పేరు పెట్టి పిలవలేదు. మిగిలిన ఐదుగురు సౌగంధులూ పెరిగారు. చదవడం రాకపోయినా ఇంట్లో ఉండాలని తల్లులు అడిగితే వాళ్ళ మగ్గం గుంజల మీద ఆ పేరు నేనే పసుపుతో రాసి ఇచ్చాను. వీధిలో ఎవరైనా పిలిస్తే నాతో కలిపి ఆరు గొంతులు పలికేవి. ఏడోది కూడా పలుకుతుందేమోనని నేను ఆగి వినేదాన్ని. ఇప్పటికీ వింటూనే ఉన్నాను.

ఆదివారం వేలూరు వెళ్ళి ఇదంతా మనవడికీ, వాడి పెళ్ళానికీ చెప్పాను. ఆ పిల్ల బిడ్డ చేతి మీద మచ్చ చూపించి, “టీకా ఏసేసినారు అవ్వా. ఇంక ఏ మేనత్త వచ్చినా ఉత్త చేతులతో పోవాల్సిందే” అని నవ్వింది. ఆ మచ్చను కళ్ళకు అద్దుకున్నాను. పేరు రాయించుకోమన్నాను, ఏ అక్షరాలతోనైనా సరే.

భయం పోయింది, మంచిదే. ఇవాళ పేరు చెవికి ఇంపుగా ఉంటే చాలు, దాని వెనక ఎవరున్నారో ఎవరికీ అక్కర లేదు. పక్కింటి బిడ్డ కోసం తన బిడ్డ మీదికి అంత బరువు తెచ్చుకొనే తల్లి కూడా ఇవాళ ఉంటుందో లేదో. ఇన్నేళ్ళుగా పూజలో కూర్చొని నాకు ఈ ఆయుష్షు ఇచ్చినందుకు దేవుడికి దండం పెడుతున్నాను. ఆ వెంటనే ఆమెకూ పెట్టబోతాను, నోట మాట ఆగిపోతుంది. పక్కింటి అత్త అనడమే గాని, ఆమె పేరేమిటో నేను ఏనాడూ అడగలేదు.