నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, అమ్మ కుడికన్ను

మీ ఇంట్లో మందు సీసా మీద ఏం రాసి ఉందో మీ అమ్మ చదవగలదా? తల తిప్పుకోకండి... జవాబు చెప్పండి!

మా చిన్నప్పుడు... తెలుగు నేలకు దూరంగా, బెంగాలీల ఊళ్ళో, గార్డెన్ రీచ్‌లో, పోర్టు క్వార్టర్సులోని మా ఒంటిగదిలో, ఒక బంద్ రోజు పొద్దున్నే అమ్మ కుడికన్ను అదిమి పట్టుకుని గోడకు తల కొట్టుకుంటోంది. మూడు రోజుల కిందట బొగ్గుల పొయ్యి రాజేస్తుంటే నిప్పురవ్వ ఎగిరి కంట్లో పడింది. ముందురోజు ఆసుపత్రిలో చిన్న సీసా ఇచ్చారు. ఎలా వెయ్యాలో కాంపౌండరు చెప్పాడట... ఆ నొప్పిలో అమ్మ చెవికి ఒక్క ముక్కా ఎక్కలేదు.

సీసాకు అంటించిన కాగితం మీద రెండే రెండు ఇంగ్లీషు మాటలు.

నాన్న డాక్‌లో కూలి. ఓడల్లోంచి దిగే పెట్టెల మీద చూసి చూసి ఇంగ్లీషు అక్షరాలన్నీ పట్టేశాడు. వాటిని కలిపి మాటగా చదవడం మాత్రం రాదు. నేనేమో నాలుగో తరగతి. ఆ రోజుల్లో మా సర్కారు బడిలో ఆరో తరగతికి గానీ ఇంగ్లీషు మొదలయ్యేది కాదు. పిల్లలు మాతృభాషలోనే చదవాలనేవారు పెద్దలు... మా మాతృభాష ఆ బడిలో లేనే లేదు!

"రెండు కళ్ళకీ ఏసేద్దుమే. దాన్నుంచి దీనికి పాకితే ఏటి సేస్తాం?" అన్నాడు నాన్న. వేసేశాడు. నొప్పి తగ్గలేదని గంటకోసారి వేస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నానికి అమ్మ నా ముఖం తడిమి చూసింది. "ఒలే గుంటా... నీ మొకం మబ్బు కమ్మినట్టుందే. మంచి కన్నూ కనపడ్నేదే నాకు!"

నాన్న వీధిలోకి పరిగెత్తాడు. మందుల షాపు షట్టరు దించి ఉంది. ఇంగ్లీషు వచ్చిన బెంగాలీ మాస్టారి ఇంటికి తాళం. వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

మా గూట్లో రెండు గ్రంథాలుండేవి. ఒకటి నాన్న శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న తెలుగు బైబిలు గ్రంథం. రెండోది అదే గ్రంథం ఇంగ్లీషులో... ఎవరో నావికుడు నాన్న చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఎవరూ చదవకపోయినా పారెయ్యబుద్ధి కాక గుడ్డలో చుట్టి ఉంచాం. చర్చిలో ఆదివారం బడికి వెళ్ళి తెలుగు చదవడం నేర్చుకున్నాను. రెండింట్లోనూ అధ్యాయాల అంకెలు, వచనాల అంకెలు ఒకటేనని నాకు తెలుసు.

రెండూ పక్కపక్కన పరిచాను.

పక్కింటి అప్పలమ్మ పిన్ని గుమ్మంలోంచి, "అమ్మ కళ్ళు పోతంటే పుస్తకాలు పరస్తాదేటి? దొరసాని బయల్దేరింది!" అంది. నేను వినలేదు.

"నాన్నా, రెండో మాట అచ్చరాలు సెప్పు."

"ఎన్ను... ఐ... జీ... హెచ్చు... టీ."

నాకు కంఠతా వచ్చిన మొదటి పేజీ తీశాను. చీకటికి రాత్రి అని పేరు పెట్టే చోట ఇంగ్లీషులో వేలు పెట్టి వెతికితే... అదే మాట! దాని పక్కనే వెలుగు. రెండింటికీ తోక ఒకటే, తల మాత్రమే వేరు. వాటిని నైట్, లైట్ అని పలకాలని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

"మొదటి మాటో?"

"ముందు 'ఆర్' అచ్చరం. కడమ నాలుగూ అయ్యేనే."

కంటి మందు మీద ఇంకేం రాస్తారు? ఏ కంటికి వెయ్యాలో రాస్తారు! ఆదివారం బడిలో అప్పజెప్పిన అధ్యాయం గుర్తొచ్చింది... గొర్రెలు కుడివైపు, మేకలు ఎడమవైపు. గబగబా ఆ పేజీ తీశాను. కుడి ఉన్న చోట సీసా మీది తలా, ఆ తోకా ఉన్నాయి.

"నాన్నా... కుడి! కుడికంటికే! రాత్రికే!"

మరోసారి వెయ్యడానికి ఎత్తిన నాన్న చెయ్యి అలాగే నిలిచిపోయింది. "నేనే పోగొట్టేసినాను... నా సేతుల్తో నేనే..."

బస్సు లేదు, ఆటో లేదు. అమ్మను వీపున వేసుకుని నడిచాడు. ఖాళీ రోడ్డు మీద క్రికెట్ ఆడేవాళ్ళు బ్యాట్లు దించి దారిచ్చారు. గ్రంథంలో దారి పక్కన కూర్చుని ప్రభువును కేకలు వేసి పిలిచిన ఆ గుడ్డివాడిలా, నాన్న ఆసుపత్రి దాకా దేవుణ్ణి అరిచి పిలుస్తూనే ఉన్నాడు. నేను రెండు గ్రంథాలూ గుండెకు హత్తుకుని వెనక పరిగెత్తాను... వాటిని ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

ఎడమకంటిది మందు మసకేనని, వారంలో పోతుందని అన్నాడు డాక్టరు. కుడికంట్లో పుండు ముదిరిపోయింది. ఇక చూపు రాదు. అది మందు వల్ల కాదు, మొదట్లోనే తీసుకురాకపోవడం వల్ల అన్నాడు. నాన్న నమ్మలేదు. చనిపోయేదాకా నమ్మలేదు.

ఎడమకన్ను తేరుకున్నాక అమ్మే అంది, "ఆ తోక మాటలు ఇంకా ఏటేటున్నాయో ఎతకవే." వెతికాను. మైట్ అంటే బలం. ఫైట్ అంటే పోరాటం. బ్రైట్ అంటే ప్రకాశం. సైట్ అంటే చూపు. ఒంటికంటితో సుద్దముక్క పట్టుకుని ఒక్కొక్కటీ నేల మీద దిద్దింది. చూపు అనే మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రతిసారీ ఆగిపోయేది...

ఇప్పుడు నేను చర్చిలో వాక్యం చెప్పడానికి నిలబడితే, ఎదురుగా ఉన్న పిల్లలు బోర్డు మీద రాసిన ఆ మాటలన్నీ గడగడా చదివేస్తారు. పక్కన తెలుగులో 'వెలుగు' అని రాస్తే తెల్లముఖం వేస్తారు. వాళ్ళ నాయనమ్మలేమో ఇంకా మందుబిళ్ళ రంగు చూసే మింగుతున్నారు. ఒకే గదిలో ఉంటూ ఒకరి అక్షరం ఒకరికి రాదు!

భయం మీకు నేర్పిన మాట ఏదైనా ఉంటే కింద రాయండి... కానీ తర్వాత! ముందు లేవండి. ఆ సీసా చేతిలోకి తీసుకుని, దాని మీద ఉన్నదంతా అమ్మకు చదివి చెప్పండి. ఆమెకు వచ్చిన అక్షరాల్లో రాసి అంటించండి. అక్షరాలు రాకపోతే పగటి మందుకు సూర్యుణ్ణి, రాత్రి మందుకు చంద్రుణ్ణి గీయండి. ఈ రోజే, ఇప్పుడే.

రేపు బంద్ కావచ్చు.