మా చెల్లి కార్డు మీద ఎర్ర చుక్క

మా చిన్నప్పుడు సోమవారం అంటే గోళ్ళ వారం... అంగన్‌వాడీ గడప మీద ఆయమ్మ మస్తానమ్మ కత్తెర పట్టుకుని కూర్చునేది. చేతులు చూపించందే లోపలికి అడుగు పెట్టనిచ్చేది కాదు. ప్రతి వారం నేను చేతులు వెనక్కి దాచుకుని పక్కనుంచి జారుకోబోయేదాన్ని... ప్రతి వారం దొరికిపోయేదాన్ని.

వీరులపాడు దగ్గర మా ఊళ్ళో అంగన్‌వాడీ అంటే ఒకటే గది, ముందు రేకుల వసారా. బుధవారం గుడ్డు, శుక్రవారం పేల దువ్వెన, శనివారం చాపలన్నీ ఎండలో వేసి దులపడం. ఆ దులిపే పని మాదేనని మా నమ్మకం... నిజానికి చేసేది ఆయమ్మే. మధ్యాహ్నం పప్పన్నం తిన్నాక వరసగా పడుకోబెట్టేవాళ్ళు. నిద్ర రాకపోయినా కళ్ళు మూసుకోవాలి. మూసుకుంటే వచ్చేసేది, అదేం విచిత్రమో.

నాకప్పుడు ఐదేళ్ళు. మా చెల్లి చిట్టికి ఇంకా మూడు నిండలేదు. అమ్మా నాన్నా పొద్దున్నే పత్తి తీతకి వెళ్ళిపోతే, మమ్మల్ని చూసుకునేది మా నాయనమ్మ.

నెలకోసారి తూకం... దూలానికి గుండ్రటి త్రాసు వేలాడదీసి, దానికి గుడ్డ ఉయ్యాల కట్టి అందులో పిల్లల్ని కూర్చోబెట్టేవాళ్ళు. మిగతా పిల్లలు గుక్కపెట్టి ఏడిస్తే, చిట్టి మాత్రం "ఇంకోసారీ" అని అడిగేది. టీచరుగారు బరువు చూసి కార్డులో ఒక చుక్క పెట్టేవారు. ఆ కార్డులో మూడు రంగులు... పైన ఆకుపచ్చ, మధ్యలో పసుపు, అడుగున ఎరుపు.

చిట్టి చుక్క పసుపులో పడింది. నాయనమ్మ ఆ కార్డుని కళ్ళకద్దుకుంది. రెండు నెలలు తిరిగేసరికి చుక్క ఎరుపులోకి దిగింది. ఇక నాయనమ్మ సంబరం చూడాలి...

"మొన్న పసుపు, ఇవాళ కుంకుమ... దీని రాత ఎంత మంచిదో చూడవే" అని కార్డుని దేవుడి గూట్లో పెట్టేసింది. నాది ఆకుపచ్చ. "నీదేంటే, గడ్డి రంగు" అని నవ్వింది. నేను వారం రోజులు కుళ్ళుకున్నాను.

టీచరుగారు చెప్పలేదా అంటే, చెప్పారు. "బరువు తక్కువుందమ్మా" అంటే నాయనమ్మ "మా ఇంట్లో అందరం ఇంతేనండీ, పుల్లలం" అని తేలిగ్గా తీసేసింది. చిట్టికి పెట్టమని టీచరుగారు ఇచ్చిన పిండి ప్యాకెట్టు ఇంటికి మోసేది నేను. అదేమో వేయించిన పిండి, తియ్యగా కమ్మటి వాసన... దారిలోనే సగం నా నోట్లోకి పోయేది. అంగిట్లో అతుక్కుంటే వేలు పెట్టి తీసుకుని మళ్ళీ తినేదాన్ని. మిగిలిన సగం నాయనమ్మ "మిషను పిండి మనకెందుకులే, గేదెకైనా బలం" అని కుడితిలో కలిపేసేది. చిట్టికి చారన్నమే. అదీ నాలుగు ముద్దలు తిని నోరు బిగించేది.

ఆ మరుసటి నెల తూకం రోజు చిట్టి "ఇంకోసారీ" అనలేదు. తల తాడుకి ఆనించి ఊరికే కూర్చుంది. టీచరుగారు ముల్లు వైపు చాలాసేపు చూశారు. పిల్లలందరూ ఇళ్ళకి వెళ్ళాక చిట్టిని చంకనేసుకుని, ఆ మండే ఎండలో మా ఇంటికి నడిచొచ్చారు. వెనకాల నేను.

వెళ్ళేసరికి నాయనమ్మ కుడితి తొట్టి దగ్గరే ఉంది. చేతిలో పిండి ప్యాకెట్టు.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. "కార్డేదండీ పెద్దమ్మగారూ" అన్నారు. నాయనమ్మ గర్వంగా గూట్లోంచి తెచ్చి చేతిలో పెట్టింది. ఎర్ర చుక్క పక్కనే నిజం కుంకుమ బొట్టు కూడా ఉంది.

టీచరుగారికి అప్పుడర్థమైంది. 

"పెద్దమ్మగారూ, మీ పత్తి చేను ఆకు పసుపు తిరిగితే ఏం చేస్తారు?"

"మందేస్తామండీ."

"ఎర్రబారితే?"

నాయనమ్మ చిట్టి వంక చూసింది. చేతులు చూసింది, కాళ్ళు చూసింది... అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.

"ఇంకొంచెం తగ్గిందంటే నందిగామ ఆసుపత్రిలో పెట్టాల్సిందేనండీ. ఆ తర్వాత నా చేతిలో ఉండదు" అన్నారు టీచరుగారు.

నాయనమ్మ అక్కడే నేల మీద కూలబడింది. "పిల్ల నోటి కూడు గొడ్డుకి పోశానే తల్లీ" అని చిట్టిని గుండెకి హత్తుకుని ఏడ్చింది. నాకూ ఆగలేదు. "సగం నేనే తిన్నా నాయనమ్మా" అని బావురుమన్నాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అనుంటే బాగుండేదనిపించింది.

మర్నాటి నుంచి నాయనమ్మ కూడా అంగన్‌వాడీలో చేరినట్టే... గోడకి ఆనుకుని కూర్చుని, పిండిని పాలల్లో కలిపి, ముద్దకో కథ చెప్పి తినిపించేది. చిట్టికి బుధవారం కాని రోజుల్లో కూడా గుడ్డే. మేమందరం చుట్టూ చేరి ముద్దలు లెక్కపెట్టేవాళ్ళం. మాకు ఇరవై దాకా అంకెలు వచ్చింది అలాగే.

కొన్ని తూకాలకి చుక్క పసుపులోకి ఎక్కింది. "ఈ పసుపు నాకొద్దండీ" అంది నాయనమ్మ, మొహం మాడ్చుకుని. ఆకుపచ్చలో పడ్డ రోజు మాత్రం టీచరుగారు చెప్పకముందే తనే చూసుకుంది. టీచరుగారి చేతులు రెండూ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇప్పుడు నేను జగ్గయ్యపేటలో ఉంటున్నాను. మా వాడు ప్లేస్కూలుకి వెళ్తాడు. తిన్నాడనీ, పడుకున్నాడనీ ఫోనుకి ఫొటోలు వస్తాయి. వాళ్ళూ బాగానే చూసుకుంటారు, కాదనను. సగం తిని వదిలేశాడని కూడా మెసేజే వస్తుంది... మనిషి రాదు.

చిట్టి ఇక్కడే, రెండు వీధుల అవతల ఉంటుంది. ఇద్దరు పిల్లల తల్లి. నాకంటే బరువు... ఆ మాటంటే ఊరుకోదు. అది పిల్లల వెనక పరిగెడుతూ అరుస్తుంటే చూసి అనుకుంటూ ఉంటాను, ఆ రోజు ఎండగా ఉంది, రేపు వెళ్దాంలే అని టీచరుగారు అనుకునుంటే...

మీ ఇంటిదాకా నడిచొచ్చిన టీచరమ్మ మీకూ ఉంటే, ఆవిడ పేరు కింద రాయండి. ముందు నేనే రాస్తున్నాను... సుజాత టీచరుగారు.