దొరసాని గడ్డం కింది గుడ్డ

2019 జనవరి 21, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మార్టూరులోని మా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌కు ఇంగ్లండ్ నుంచి ఒక డ్రాయింగ్ వచ్చింది. అప్పటికి నేనక్కడ ఇరవై ఆరేళ్లుగా తనిఖీ పని చూస్తున్నాను. రాయి మీద ఏది చెక్కినా, కొలతా అక్షరమూ సరిచూసి నేను సంతకం పెడితేనే అది గేటు దాటాలి. సమాధి రాళ్లు మాకు కొత్త కాదు. ఈ రాయి మాత్రం ఆరు వందల ఏళ్ల కిందట పోయిన మనిషిది.

ఆయన పేరు సర్ హ్యూ. ఒక చిన్న ఊరికి దొర, యుద్ధాలు చేసిన మనిషి. ఆ ఊరి చర్చిలో నేల మీద పరిచిన ఆయన సమాధి రాయి చెమ్మకు పొరలుగా లేచిపోతోందట. పూర్తిగా పోకముందే నకలు చెక్కించి పక్క హాల్లో పెట్టాలనుకున్నారు. ఆ పని నెత్తిన వేసుకున్నది మార్గరెట్ గారు, రిటైరైన టీచరు. మా చీమకుర్తి రాయిలో బంగారు చుక్కలుంటాయి. ఆమెకు చుక్క లేని నలుపు కావాలి. పైగా హోన్ ఫినిష్, అంటే అద్దంలా మెరవకుండా నున్నగా మాత్రమే ఉండాలి. బొమ్మ చేత్తోనే చెక్కాలి.

చేత్తో చెక్కేవాడు మా దగ్గర ఒక్కడే మిగిలాడు, ఏసోబు. లేజర్ మెషిన్ వచ్చాక అతని షెడ్డుకు పని తగ్గిపోయింది. యజమాని బ్రహ్మయ్య ఆ రోజే తేల్చి చెప్పాడు. "ఈ ఆర్డర్ పాసయితే ఇట్టాంటివి ఇంకా వస్తాయి, షెడ్డుంటది. లేదంటే అక్కడ రెండో మెషిన్ పెడతా. విన్నావా ఏసోబూ?"

"విన్నానండీ. మెషిన్‌కి చెవుల్లేవు గానీ నాకున్నాయి," అన్నాడు ఏసోబు.

డ్రాయింగ్‌లో దొర ఇనప కవచంతో, చేతులు జోడించి, వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాళ్ల కింద సింహం. పక్కన భార్య జోన్. ఆమె కాళ్ల కింద మెడలో గజ్జెలున్న కుక్కపిల్ల.

"సింహాన్ని తొక్కితే ఊరుకున్నా, కుక్కని తొక్కితే కరిచిద్దమ్మా," అని నవ్వేవాడు ఏసోబు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర, మార్గరెట్ గారు పంపిన కుటుంబ కథను అతనికి చదివి తెలుగులో చెప్పేదాన్ని. హ్యూ కుర్రతనంలోనే రాజు వెంట ఫ్రాన్స్ మీదికి వెళ్లాడు. రెండోసారి వెళ్లినప్పుడు శత్రువులకు చిక్కాడు. విడిపించుకోవడానికి జోన్ నీటి మరనూ అడవినీ తాకట్టు పెట్టింది. తిరిగొచ్చిన మనిషి ఇంటిపట్టున ఉన్నాడా అంటే లేడు. పెద్దకొడుకును వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాడు. కొడుకు ఒక కోటగోడ కింద చనిపోయాడు. తండ్రి దండులోనే జ్వరంతో పోయాడు.

"ఊళ్లో పనేం లేదా ఈయనకి?" అని విసుక్కున్నాడు ఏసోబు. "మరి ఆ తల్లి?"

"మనవడు చేతికందేదాకా ఆవిడే ఊరేలింది."

మార్చి నెలాఖరుకు పని ముఖాల దాకా వచ్చింది. అప్పుడే నాకు గుంటూరులో శుక్లం ఆపరేషన్ అయింది. మిరప కోతల రోజులు, ఘాటుకు కన్ను పాడవుతుందని ఇంట్లో కూర్చోమన్నారు. కూర్చోలేకపోయాను. వారం తిరక్కుండానే నల్లద్దాలు పెట్టుకుని షెడ్డుకు వెళ్లి, డ్రాయింగ్‌ను రాయి పక్కన పరిచి చూసుకుంటూ వచ్చాను. దొర సరే. సింహం సరే. జోన్ గడ్డం దగ్గర నా వేలు ఆగింది.

డ్రాయింగ్‌లో ఆమె గడ్డం కింద నుంచి గుండెల దాకా మడతలు మడతలుగా ఒక గుడ్డ ఉంది. రాయి మీద గుడ్డ లేదు. నున్నటి మెడ, దానికి రెండు పేటల గొలుసు. గొలుసు ఎంతో అందంగా కుదిరింది.

"ఇదేంటి ఏసోబూ?"

"అది విధవలు కట్టే గుడ్డని మీరే చదివారుగా అమ్మా. మొగుడు పక్కనే పడుకునుంటే ఆవిడ విధవెట్టా అయిద్ది? గీసినోడే తప్పు గీశాడు." ఉలిని చూసుకుంటూ అన్నాడు: "పైగా రోజూ మీకే చూపించాలి ఆ బొమ్మని. మీ ఎదురుగా అట్టాంటిది చెక్కటానికి నాకు చెయ్యి రాలా."

మా వైపు సమాధి రాయి మీద దంపతుల బొమ్మ వేస్తే, ఆమె తర్వాత ఎన్నేళ్లు ఒంటరిగా బతికినా, నగలతోనే చెక్కుతారు. ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏసోబు ఆ పద్ధతినే పట్టుకున్నాడు.

"మా ఆయన పోయాకేగా నేనీ గేటు లోపలికొచ్చింది," అన్నాను. "లేకపోతే ఇన్నేళ్లు నీ రాళ్లకు వంకలు పెట్టేదెవరు?"

అతను ఉలి తుడిచి పక్కన పెట్టాడు.

బ్రహ్మయ్య నన్ను పిన్నీ అంటాడు. "ఆ గుడ్డ సంగతి ఎవడు చూడొచ్చాడు పిన్నీ? నగలు పెడితే ఏ ఆడమనిషి కాదంటది? వచ్చే వారం కంటెయినర్. సంతకం పెట్టండి, పెట్టెకి మేకులు కొట్టిస్తా."

"పెట్టను."

"పెట్టకపోతే ఏసోబు షెడ్డు పోయిద్ది. తర్వాత మీ ఇష్టం."

ఆ తర్వాత రెండు రోజులూ నేను ఒకచోట కూర్చున్నది లేదు. షెడ్డుకూ ఆఫీసుకూ తిరిగాను. గీసిన గీత చెరగదు. చెరపాలంటే రాయి ముఖమంతా అరగదీయాలి, బొమ్మ మొత్తం పోతుంది. రాత్రి పడుకుంటే ఆ గొలుసే కనిపించేది. చివరికి ఏసోబే అన్నాడు: "ఇంక తిరగబాకండమ్మా, కన్ను వాచిద్ది. ఆర్డరిచ్చిన ఆ దొరసానమ్మ గారినే అడగండి."

వీడియో కాల్‌లో మార్గరెట్ గారికి రాయి చూపించాను. ఎందుకలా జరిగిందో కూడా చెప్పాను. ఆమె చాలాసేపు చూశారు.

"ఎంత మంచి చెయ్యి!" అన్నారు ముందు. ఆ తర్వాత, "మీకు రాయడం మరిచాను. ఆ రాయి చేయించింది జోనే. భర్త పోయాక, తను బతికుండగా. మళ్లీ పెళ్లి చేసుకోమని ఎందరు ఒత్తిడి చేసినా వినలేదు. ఆ గుడ్డతోనే చెక్కమని తనే చెప్పింది. అది కట్టుకునే ఆమె మా ఊరేలింది. ఈ గొలుసు వేసుకున్నామె ఎవరో మాకు తెలియదు."

"ఏమంటన్నారమ్మా?" అన్నాడు వెనక నిలబడ్డ ఏసోబు.

ఉన్నదున్నట్టు చెప్పాను. అతను బొటనవేలితో జోన్ మెడ మీది గొలుసును ఒకసారి తడిమాడు. "ఆ ముక్క ముందే తెలిస్తే, మడత మడతకీ ప్రాణం పెట్టేవాణ్ణి."

మళ్లీ మొదటి నుంచి చెక్కడానికి వ్యవధి లేదు. హాలు తెరిచే రోజు ఖాయమైపోయింది. మార్గరెట్ గారు ఇష్టం లేకుండానే మెషిన్ పనికి ఒప్పుకున్నారు. బ్రహ్మయ్య కొత్త రాయిని లేజర్ కిందికి తోయించాడు. గుడ్డ మడతలన్నీ లెక్కకు సరిగ్గా వచ్చాయి. నేను సంతకం పెట్టాను. కంటెయినర్ అనుకున్న రోజునే వెళ్లింది.

ఎండలు ముదిరేసరికి షెడ్డులో రెండో మెషిన్ దిగింది. రాళ్ల అంచులు అరగదీసే పని ఇస్తానన్నా ఏసోబు ఉండలేదు. కొత్తపట్నం వైపు సమాధుల మీద పేర్లు చెక్కుకుంటున్నాడని విన్నాను.

అప్పటి నుంచి ఏ డ్రాయింగ్ వచ్చినా, కొలతల కంటే ముందు ఒకటి అడుగుతున్నాను: ఈ బొమ్మ చేయించుకున్నదెవరు, తమను ఎలా చూడమన్నారు? జవాబు వస్తూనే ఉంది. దాన్ని చెప్పుకోవడానికి షెడ్డులో చెవులున్నవాళ్లే లేరు.

పోయినవి ఇవి. నల్ల రాయి ఒకటి. రెండు నెలల చేతిపని. ఉలి షెడ్డు. ఏసోబు.