బావ పాటకు రెండు ఫైళ్ళు

మొన్న మా తమ్ముడి కొడుకు హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించి, ఒకే పాటను మామూలు ఎంపీత్రీలోనూ, హై రిజల్యూషన్‌లోనూ మార్చి మార్చి వినిపించి, తేడా చెప్పమని కూర్చున్నాడు. రెండూ బాగున్నాయన్నాను. పెదనాయిన చెవులు ముసలివయ్యాయని జాలిపడ్డాడు. పడుచు చెవులున్నప్పుడు కూడా నాకు తేడా తెలియలేదని వాడికేం తెలుసు!

ఉద్యమం రోజుల్లో సిద్దిపేటలో నాకొక చిన్న రికార్డింగు గది ఉండేది. గోడలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ ధూంధాం పాటలు రికార్డు చేసేవాళ్ళం. మా అక్క భర్త, అంటే మా బావ, కాళ్ళకు గజ్జెలు కట్టనిదే గొంతెత్తేవాడు కాదు. ఆయన అడుగేస్తే మైకు అదిరేది గనుక కాళ్ళ కింద కూడా బొంతలే పరిచేవాణ్ణి. అటువంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది గానీ ఇక మాట రాదని హైదరాబాదు దవాఖానలో తేల్చేశారు.

వెళ్ళేముందు ఒక పాట పాడిపోతానని వచ్చాడు. ఆ గొంతులో రవ్వంత కూడా పోకూడదని, నా కంప్యూటరు మొరాయిస్తున్నా వినకుండా, ఉన్నవాటిలోకెల్లా పెద్ద ఫార్మాట్‌లో రికార్డు చేశాను. ఫోన్లలో పట్టేటట్టు దాన్నుంచే చిన్న ఎంపీత్రీ కూడా తీశాను. చిన్నదాంట్లో తన గొంతు ఎంత తరిగిపోయిందోనని బావకు ఒకటే బెంగ. నాకైతే తేడా తెలియడం లేదన్నా నమ్మలేదు. చివరికి అక్కను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, ఏది ఏదో చెప్పకుండా రెండూ వినిపించాం. రెండూ అయ్యాక ఆమె మావైపు తిరిగింది.

"రెండిట్లనూ మీ బావనే ఉన్నడు తమ్మీ," అంది. "దేంట్లనూ తక్కువ లేడు."

బావ ముఖం వెలిగిపోయింది. "గట్లయితే చిన్నదే పంచు. ఊరూరికీ పోవాలె," అన్నాడు.

ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు, బంద్ నాడు రోడ్డు మీద వంటావార్పు జరుగుతుంటే, తొగుట నుంచి వచ్చిన ఒక ఆటో మీది మైకులో ఆ పాట మొదలైంది. సగం మాటలు గరగరలోనే పోయాయి. అయినా వండుతున్నవాళ్ళు చేతుల్లో గరిటెలతోనే లేచి నిలబడ్డారు. మెడకు తువ్వాలు చుట్టుకున్న మా బావ వాళ్ళ మధ్యలోకి వచ్చి, తన గొంతుకు తానే పెదవులు కదుపుతూ అడుగేశాడు. ఆ పాడుతున్నది ఆయనేనని తెలియని ఒక ముసలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని తనూ ఆడింది. మనిషిని విడిచిన గొంతు ఊళ్ళన్నీ తిరిగి, ఇంతమందిని వెంటేసుకుని మళ్ళీ ఆయన దగ్గరికే వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

రాష్ట్రం వచ్చింది. బావ పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నా దగ్గర మంచి స్పీకర్లున్నాయి, పెద్ద ఫైలు చెక్కుచెదరకుండా ఉంది. పెడతానంటే అక్కే వద్దంటుంది. ఒక్కదాన్నే కూర్చుని వినే పాట కాదట అది. నిజమే. ధ్వని ఎంత బాగుంటే మాత్రం, ఆ పాట వినగానే లేచి నిలబడిన ఆ మనుషులను ఎక్కడినుంచి తెచ్చేది?