వదిన మీద వేసిన నింద

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు ఈ మాట ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి వెనక్కి పోయింది. ఇన్నేళ్లుగా దీన్ని మోస్తూనే బడికి పోతున్నాను, పాఠాలు చెబుతున్నాను, నలుగురి చేత మంచిదాన్ననిపించుకుంటున్నాను. ఆ మంచితనం కిందేముందో ఒక్క మనిషికే తెలుసు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

మాది మంథని. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో జరిగిన సంగతి ఇది. అప్పటికి నాకింకా పెండ్లి కాలేదు. నన్ను కన్న అవ్వ నా చిన్నప్పుడే పోయింది. బాపుకు వరిపొలం ఉండేది, ఊళ్లో పెద్దమనిషన్న పేరుండేది. పొలం కన్నా ఆ పేరంటేనే ఆయనకు ఎక్కువ పట్టింపు. అన్న భార్య, అంటే మా వదిన, బెల్లంపల్లి నుంచి వచ్చింది. వాళ్ల నాయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. వదినకు చదువు రాదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను కథలు చదువుతుంటే బియ్యం చెరుగుతూ వినేది.

అప్పట్లో నాకు ఒక రచయిత్రి అంటే ప్రాణం. ఆమె ఆసిఫాబాద్‌లో ఆడపిల్లల బడిలో పనిచేస్తోందని తెలిసింది మొదలు మనసు నిలవలేదు. పోయి చూసొస్తానని బాపును అడిగాను.

"మొగన్ని ఇడిసిపెట్టి కతలు రాసుకుంట బతికేటామె ఇంటికి నా బిడ్డ పోవుడేంది? గా ముచ్చట మల్ల ఎత్తకు" అన్నాడు.

బాపు దగ్గర మళ్లీ ఎత్తలేదు. వదిన దగ్గర ఎత్తాను. ఆమె తల్లికి ఉబ్బసం. తల్లిని చూడ్డానికని చెప్పి బెల్లంపల్లి పోదాం, అక్కడి నుంచి ఆసిఫాబాద్ ఎంత దూరం గనుక అని బతిమాలాను. వదిన భయపడింది. వద్దంది. నేను వదల్లేదు. అలిగాను, అన్నం మానేశాను. చివరికి "సరే పిల్లా, నీ మొకం సూడలేకపోతున్న" అంది.

పెద్దపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. బెల్లంపల్లిలో వదిన తల్లి మంచం మీద లేచి కూర్చుని బిడ్డ చేయి పట్టుకుంది. వదినకు ఇంకో రోజు ఉండాలనుంది. నేను తొందరపెట్టాను. తెల్లారగానే బయల్దేరదీశాను. ఆ ముసలామె గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

రచయిత్రి మమ్మల్ని లోపలికి పిలిచి చాయ్ ఇచ్చింది. జ్వరం నుంచి అప్పుడే లేచినట్టుంది, ముఖం పాలిపోయి ఉంది. దారి పొడుగునా వల్లెవేసుకున్న మాటలన్నీ ఆమెకు అప్పజెప్పాను. మీ శైలి అన్నాను, మీ భావాలు అన్నాను. మర్యాదగా తలూపింది. తర్వాత వదిన వైపు తిరిగి, నువ్వూ చదువుతావా అని అడిగింది.

"నాకు సదువు రాదమ్మా. గీ పిల్ల సదివితే ఇంట. మీ కతల ఒకామె సచ్చిపోయిన కొడుకు అంగి ఉతికి ఆరేస్తది సూడు, గది ఇన్న దినం నాకు బువ్వ పోలే."

రచయిత్రి లేచి వచ్చి చాప మీద వదిన పక్కన కూర్చుంది. మేము బయల్దేరేదాకా అక్కడే ఉంది. వదిన తన పోయిన కొడుకు గురించి ఆమెకు మెల్లగా చెప్పుకుంది. ఆ కథ వదినకు చదివి వినిపించింది నేనే. చదువుతున్నప్పుడు ఆ పసివాడు నాకు ఒక్కసారీ గుర్తురాలేదు.

తిరుగు ప్రయాణంలో నేను వదినతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదు? తలనొప్పని చెప్పాను. నిజానికి ఆ చాప మీద నా పక్కన కూర్చోవాల్సిన మనిషి వదిన పక్కన కూర్చుంది, అంతే.

ఆసిఫాబాద్ కచేరీలో పనిచేసే మా ఊరాయన మమ్మల్ని బస్సు దగ్గర చూశాడట. సెలవుకు వచ్చి బాపుకు చెప్పాడు. బాపు అరవలేదు. మా ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి, "పోదామన్నది ఎవలు?" అని అడిగాడు.

కరీంనగర్‌లో పంతులమ్మ ట్రైనింగుకు నన్ను పంపడానికి బాపు అప్పటికే ఒప్పుకుని ఉన్నాడు. నిజం చెబితే అది పోతుంది. ఆ భయం ఉంది. కానీ భయం ఒక్కటేనా? ఆ చాప ఇంకా నా కళ్లముందే ఉంది కదా?

"వదిన తీస్కపోయింది బాపూ" అన్నాను.

వదిన నా వైపు చూసింది. తర్వాత తల దించుకుని, "ఔ మామా, నేనే" అంది.

ఇక ఆమెకు తల్లిగారింటి తొవ్వ బందు అన్నాడు బాపు. అన్న నోరెత్తలేదు.

వానాకాలంలో బెల్లంపల్లి నుంచి కబురొచ్చింది, తల్లికి ఊపిరాడడం లేదని. బాపు నమ్మలేదు. "పోయినపారి గూడ గిదే చెప్పి పోయిండ్రు" అన్నాడు. వదిన గోడకానుకుని నిలబడింది. నేను పక్కగదిలో కరీంనగర్‌కు బట్టలు సర్దుకుంటున్నాను. రెండడుగులు వేసి ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. చీరలు మడత పెట్టాను, విప్పాను, మళ్లీ మడత పెట్టాను. రెండో కబురు అందాక వదినను పంపారు. ఆమె చేరేసరికి తల్లిని మట్టి చేసి వచ్చారు.

వదిన నన్ను ఏనాడూ ఏమీ అనలేదు. సెలవులకు వస్తే అన్నం పెట్టేది, తలకు నూనె రాసేది. కథ చదవమని మాత్రం మళ్లీ అడగలేదు. ఒకసారి నేనే పుస్తకం తెరిస్తే, పనుందని లేచిపోయింది.

బాపు నా మాట నమ్ముతూనే కన్నుమూశాడు. అన్న ఇప్పటికీ నమ్ముతున్నాడు. ఇంట్లో చిన్న తగువొస్తే చాలు, నా చెల్లెను తప్పుదోవ పట్టించినదానివి నువ్వు అని వదినను ఎత్తిపొడుస్తాడు. మొన్న దసరాకు నా ముందే అన్నాడు. వదిన మారు మాట్లాడకుండా వడ్డించింది. నేను తల వంచుకుని తిన్నాను.

ఇది మీకు చెప్పినందువల్ల ఆ తల్లి తిరిగి రాదు. వదిన నన్ను క్షమించాలని అడిగే ముఖం నాకు లేదు. అన్నకు ఎప్పటికైనా చెప్పగలనా? ఏమో, తెలియదు. ఒక్క మనిషి ముందైనా బయటపెట్టాలనిపించింది. ఆసిఫాబాద్ పోదామన్నది నేను. అబద్ధం అల్లింది నేను. వదిన వద్దంది.