రెండు బాణాల మామ

మామ పోయాడన్న కబురు పొద్దున ఏడింటికి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పడింది. పెట్టింది ఎవరో దూరపు బంధువు. మెసేజీ మీద ఫార్వర్డ్ బాణం కూడా ఉంది. కుప్పంలో నేను గానీ, పుంగనూరులో మా అమ్మ గానీ ఏడవలేదు. "ఎవురు సూసినారు?" అని టైపు చేశాను. అలా అడగడం నేర్పింది మామే.

ఆయన మదనపల్లె మార్కెట్లో టమోటా వ్యాపారి. బాక్సు కుమ్మరించి అడుగు పండ్లు చూడనిదే కొనేవాడు కాదు. అంత గట్టి మనిషి, కరోనా రోజుల్లో మాత్రం ఫోనుకు వచ్చిందల్లా చదవకుండా మాకు పంపేసేవాడు. మెసేజీ మీద రెండు బాణాలుంటే ఇక తిరుగులేదు.

"సర్కారోళ్లు సరిసూసి ఏసిన గుర్తప్పా అది" అనేవాడు.

చాలామంది చేతులు మారితే ఫోనే ఆ గుర్తు పెడుతుంది మామా అంటే, "అంతమందికి లేని తెలివి నీకే ఉండాదా?" అని నా నోరు మూయించేవాడు. ఆయన మాట విని మూడు రోజులు మిరియాల కషాయం తాగిన మా అత్త, కడుపు మంటతో ఆయన్ని దుమ్మెత్తిపోసింది.

ఒకరోజు ఫోన్ చేసి చిందులు తొక్కాడు.

"టమోటా తింటే కరోనా వస్తాదంట! రామసముద్రం రైతులు తెచ్చిన సరుకు ఆడే కుళ్లతా ఉండాది. ఎవుడప్పా దీన్ని పంపింది? వాని మీద కేసు పెడతా!"

"నువ్వే మామా. నిన్న గుడ్ మార్నింగ్ రోజాపూల కింద."

మామ ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం మార్కెట్లో అందరి ముందూ నిలబడి, తప్పు తనదేనని చెప్పి, టమోటాలు కొరికి తిన్నాడట. ఆపైన ఎవరేం పంపినా ఒకటే ప్రశ్న: "ఎవురు సూసినారు?" నా పెళ్లి కుదిరిందని పెడితే కూడా అదే అడిగాడు. నాకు ఒళ్లు మండింది. కానీ టీకా వేసుకుంటే చస్తారన్న మెసేజీకి భయపడి మా అమ్మ తలుపేసుకుంటే, ఆయన ముందు తాను వేయించుకుని, పుంగనూరు వచ్చి చొక్కా చేయి మడిచి చూపించాడు.

"సూడమ్మా, బతికే ఉండాను" అన్నాడు. అమ్మ ఆయన వెంట టీకాకు వెళ్లింది. ఆ రుణం మేం తీర్చలేం.

గ్రూపులో నా ప్రశ్న కింద అత్త వాయిస్ మెసేజీ పెట్టింది. నొక్కి విన్నాను.

"నేను సూసినానప్పా. రెండు తూర్లు లేపి సూసినా. లెయ్యలేదు."

ఆ మెసేజీ మీద ఒక్క బాణం కూడా లేదు.