మూఢంలో మొదలుపెట్టిన కౌముది

చంద్రశేఖరంగారు ముహూర్తం పెట్టందే శ్రీకాకుళంలో ఆ వీధివాళ్లు పొయ్యి కూడా మార్చరు. గుడిలో అర్చకత్వం, ఇంట్లో పంచాంగం ఆయన పని. ఆయన కూతురు కౌముది మనసు వైద్యం చదివి, లైసెన్సు తెచ్చుకుని, ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కొన్నేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తోంది. ఇప్పుడు ఆ ఉద్యోగం మానేసి, ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో సొంతంగా చేస్తానంటోంది.

"మూఢం నడుస్తోందమ్మా. అది వదిలేసరికి ఆషాఢం. శ్రావణంలో దివ్యమైన ముహూర్తం పెడతాను," అన్నారాయన. ఆసుపత్రి పెద్ద డాక్టరైతే ఇంకో అయిదేళ్లు ఆగమన్నాడు. ఆయన పంచాంగం ఆయనది మరి!

కౌముది కూడా సరే, శ్రావణమే అనుకుంది, దుర్గాభవాని ఫోన్ చేసేదాకా.

ఎచ్చెర్ల దగ్గర పల్లె ఆ అమ్మాయిది. పుట్టిన కొద్దిరోజులకే పాప పోయింది. అప్పట్నుంచీ తిండీ లేదు, నిద్రా లేదు.

"మీ ఆస్పత్రి మెట్లకాడిదాకా వచ్చీసినాను మేడమ్. మా తోటికోడలు సూసీసింది. పిచ్చాస్పత్రికెల్లిందని ఊరంతా సాటింపేసింది. ఇంక నానక్కడికి రాను. మీరు పోన్లో సూస్తారంట కదా, ఎప్పుడు?"

కౌముదికి ఒళ్లు మండిపోయింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని శ్రావణందాకా ఏడుపు దాచుకోమని ఏ నోటితో చెప్పాలి? "రేపు పదింటికి," అనేసింది. ఆ సాయంత్రమే రాజీనామా పంపింది. తీరా చూస్తే రేపు అమావాస్య, అందులోనూ మంగళవారం.

"మూఢంలో, అమావాస్య నాడు, నా కూతురివై ఉండి! రేపట్నుంచి ఊళ్లో నా మాటెవరు వింటారే?" అని తండ్రి గుడ్లురిమారు.

"పక్కింటి కూర్మయ్యగారికి గుండెనొప్పి వస్తే వర్జ్యం చూసి ఆటో ఎక్కించావా నాన్నా?"

"ఆపదకి ముహూర్తమేమిటే?"

"ఇదీ ఆపదే. పైకి కనబడదంతే. నీ శాస్త్రమే ఒప్పుకుంది, ఇంక నువ్వెందుకు ఒప్పుకోవు?"

మర్నాడాయన కాఫీ కూడా ముట్టకుండా వీధరుగు మీద అలిగి కూర్చున్నారు. అలిగితే అలిగారు. కౌముది గది తలుపు గడియపెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

ఇంట్లో మాట్లాడే వీల్లేక దుర్గాభవాని ఫోన్ పట్టుకుని జీడితోటలోకి వచ్చి కూర్చుంది. చుట్టూ ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుంది. కౌముది తొందరపెట్టలేదు.

"పాప పాప అనడవే గానీ పేరు లేదు మేడమ్," అంది చివరికి. "ఇరవయ్యొకటో రోజున బారసాలకి మంచి ముహూర్తం పెట్టించినాం. అంతదాకా ఉండలేదు."

"ఏం పేరు అనుకున్నావు?"

"ఇప్పుడెందుకులెండి. ఇయాల అమావాస కూడాను."

"అమావాస్య అయితే ఏం? నీ కూతురు, నీ ఇష్టం. పెట్టు."

దుర్గాభవాని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సుహాసిని," అంది. మళ్లీ ఇంకాస్త గట్టిగా అంది.